మలుపు ముందు ఇండికేటర్

మా చిన్నాయన మక్తల్‌లో కిరాయి కారు నడిపేవాడు. మలుపు ఏదైనా ముందు ఇండికేటర్ వేయాల్సిందే. మా వాకిట్లోకి తిప్పినా వేసేవాడు. చుట్టుపక్కల డ్రైవర్లు సరదాకి పెట్టుకున్న కార్ల పందెంలోనూ అంతే. కుండపోత వాన, బురద. ఆయనే ముందున్నాడు. చివరి మలుపులో ఇండికేటర్ వేశాడు. దారి కనిపించని వెనక కారువాడు ఆ వెలుగు చూసి తిప్పుకుని, మమ్మల్ని దాటి గెలిచాడు.

పక్క సీట్లో నాకు ఒళ్లు మండింది. "పందెంల గూడ ఎందుకేసినవ్ చిన్నాయనా?"

"ఎనకొచ్చెటోనికి తెల్వద్దారా?" అన్నాడు, అద్దం తుడుస్తూ.

మొన్న ఆయన్ని మట్టిలో పెట్టి, ఆ కారులోనే ఒక్కణ్నే తిరిగొచ్చాను. ఏడుపు రాలేదు. మా సందు దగ్గర ఇండికేటర్ వేశాను. వెనక ఎవరూ రావడం లేదు.