రంపంతో కోసిన రైలుదారి

కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసే పని అతనిది. ఇరవై ఆరేళ్లుగా అదే బల్ల, అదే సానరాయి. వచ్చినవాళ్ల చూపు సరిచేసి పంపేవాడే గానీ, ఎవరి కళ్లలోకీ సూటిగా చూసి మాట్లాడేవాడు కాదు. నోట్లో నాలుక లేని మనిషని తోటివాళ్లు అనేవారు. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే అతను రైళ్ల మాట ఎత్తేవాడు. ఒకసారి విన్నవాళ్లు మళ్లీ ఆ జోలికి వచ్చేవాళ్లు కాదు.

అవి బొమ్మ రైళ్లు. ఇంటి వెనక గదిలో, పన్నెండడుగుల బల్ల మీద, అతనూ అన్నా కలిసి వేసుకున్న దారి. అన్న వడ్రంగి. పగలంతా కార్ఖానాలో బీరువాలకు చెక్కలు కోసి, సాయంత్రం ఇంటికొచ్చి అగ్గిపుల్లలు కోసేవాడు. నాలుగు వేల పైచిలుకు పుల్లలతో వంతెన కట్టాడు. ఇనపజాలీ మీద సుద్ద పోసి కొండను నిలబెట్టి, దాని కడుపులోంచి సొరంగం తీశాడు. వార్నిష్ పొర మీద పొర పోసి వంతెన కింద ఏరు పారించాడు. ప్లాట్‌ఫాం మీద బియ్యపుగింజంత మనుషుల్ని నిలబెట్టాడు. తమ్ముడు వైర్లు కలిపేవాడు, ఫోటోలు తీసేవాడు.

ఫోటోలంటే ఆషామాషీ కాదు. కెమెరాను ఆ బియ్యపుగింజంత మనిషి కంటి ఎత్తుకు దించాలి. కిటికీ వెలుతురును చేతి అద్దంతో తిప్పి ఒక పక్క నుంచే పడనివ్వాలి. ఒక్క ధూళి రేణువు మిగిలినా పట్టాల మీద బండరాయిలా కనబడి ఇది బొమ్మేననే గుట్టు బయటపెట్టేస్తుంది. అందుకే మెత్తటి కుంచెతో జానెడు జానెడు తుడిచి, ఊపిరి బిగబట్టి మీట నొక్కేవాడు.

"ఊపిరి పీల్చరా బాబూ, రైలు కంటే ముందు నువ్వు వెళ్లిపోయేలా ఉన్నావు" అని అన్న నవ్వేవాడు.

ఒక ఏడాది బొమ్మ రైళ్ల పత్రిక ఒకటి పోటీ పెట్టింది. వంతెన మీద రైలు వస్తున్న ఫోటో ఒకటి తీసి, తమ్ముడు ఫారం నింపాడు. అందులో 'నిర్మించినవారు' అని ఒక గీత, 'ఫోటో తీసినవారు' అని ఒక గీత ఉన్నాయి. రెండింటి మీదా తన పేరే రాశాడు. ఎందుకలా రాశావని ఎవరైనా అడిగి ఉంటే నీళ్లు నమిలేవాడు. అన్నను అందరూ పనిమంతుడనేవారు, తనను ఆ పనిమంతుడి తమ్ముడనేవారు. చెయ్యి అలా రాసేసింది, అంతే.

మూడు నెలలకు పత్రిక వచ్చింది. పేజీ నిండా వంతెన, దాని కింద ఒకే పేరు. అన్న దాన్ని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"నా పేరు లేదేంట్రా?"

"రాశానన్నయ్యా. వాళ్లే మర్చిపోయినట్టున్నారు."

"మర్చిపోయారా?"

"అవును. ఉత్తరం రాస్తాలే."

అన్న పత్రికను మడిచి పక్కన పెట్టాడు. ఆ ఆదివారం పొద్దున రంపం తెచ్చాడు. బల్లను కొలిచి, సరిగ్గా మధ్యన పెన్సిల్‌తో గీత గీసి మరీ కోశాడు. పట్టాలు తెగుతుంటే పళ్లు జివ్వుమన్నాయి. కొండ తెల్లగా నేల మీదికి రాలింది. తమ్ముడు గుమ్మంలోనే నిలబడి చూశాడు. నెలాఖరుకు అన్న భార్యను తీసుకుని, తన వాటా ముక్కను బండికెక్కించుకుని, ఊరి అవతలికి ఇల్లు మారిపోయాడు. గోడలు పంచుకున్న అన్నదమ్ముల్ని చూశాం గానీ కొండను పంచుకున్నవాళ్లను ఇప్పుడే చూస్తున్నామని వీధిలో నవ్వుకున్నారు.

పదకొండేళ్లు గడిచాయి. తమ్ముడు తన ముక్కను కోత కనబడకుండా ఫోటోలు తీస్తూనే ఉన్నాడు. అన్న దగ్గరికి వెళదామని ఎన్నోసార్లు చొక్కా తొడుక్కున్నాడు. వీధి మలుపు దాకా వెళ్లేసరికి మొహం చెల్లక వెనక్కి తిరిగేవాడు.

ఒక మధ్యాహ్నం వదిన దుకాణానికే వచ్చింది.

"మీ అన్నకు ఊపిరి ఆడట్లేదు. ఇన్నేళ్ల చెక్కపొట్టూ లోపల పేరుకుపోయిందట. చూడాలనుకుంటే ఇవాళే రా."

ఆస్పత్రి మంచం మీద అన్న ఎముకల గూడులా ఉన్నాడు. ముక్కుకు గొట్టం పెట్టారు. తమ్ముడు స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"అన్నయ్యా, ఆ ఫారంలో నీ పేరు నేనే రాయలేదు. వాళ్లేం మర్చిపోలేదు."

"తెలుసురా."

తమ్ముడు తలెత్తి అన్న మొహంలోకి చూశాడు.

"కవరు పోస్టులో వేయమని నాకే ఇచ్చావుగా. సరిగా అతికించలేదు. లోపలి కాగితం బయటికొస్తే సర్దబోయి చూశా."

"చూసి కూడా ఎందుకు వేశావన్నయ్యా?"

జవాబుకు ఊపిరి కూడదీసుకోవడానికి అన్నకు చాలాసేపు పట్టింది.

"పేరుదేముందిరా. నువ్వే వచ్చి చెప్తావనుకున్నా. మూడు నెలలు చూశా. పత్రిక వచ్చాక నోరు తెరిచి అడిగా. అప్పుడైనా చెప్తావనుకున్నా."

"తప్పయిపోయింది అన్నయ్యా."

"అయింది" అన్నాడు అన్న, గోడవైపు తిరుగుతూ. పోనీలే అని మాత్రం అనలేదు. మూడో రోజు ప్రాణం పోయింది.

వారం తర్వాత వదిన ఇంట్లో తమ్ముడి కళ్లు ఆ రెండో ముక్క కోసం వెతికాయి. ఆమె కనిపెట్టింది.

"ఆ బల్లేనా? ఇల్లు మారిన వారమే విప్పేశారు. ఆ చెప్పుల అర దానితో చేసిందే."

అతను వంగి చూశాడు. అట్టడుగు చెక్క మీద, ఒకప్పుడు పచ్చికలా కనబడాలని పూసిన పచ్చరంగు మరక ఇంకా ఉంది.

"నీ దగ్గర ఫోటోలు బోలెడుంటాయి కదా, ఆయనది మంచిదొకటి ఇవ్వు. గోడకు పెట్టుకుంటాను" అంది వదిన.

ఇంటికెళ్లి పెట్టెలన్నీ కిందకు దించాడు. వంతెన ఎనభై ఫోటోల్లో ఉంది. కట్టినవాడు ఒక్కదానిలోనూ లేడు. అన్న ఎప్పుడు అడ్డొచ్చినా, "పక్కకు జరుగు, నీడ పడుతోంది" అని తనే అనేవాడు. రెండు రోజులు గాలిస్తే ఒకదానిలో, కొండ వెనకాల, మసకగా ఒక మోచెయ్యి దొరికింది. దాన్ని వదిన చేతిలో పెట్టడానికి మనసొప్పలేదు.

చివరికి వదిన, అన్న కార్ఖానా గుర్తింపు కార్డులోని ఫోటోనే పెద్దది చేయించింది. ఆఫీసు ముద్ర అన్న చెవి మీద నల్లగా పడి ఉంది. నెలకోసారి అతను వెళ్లి ఆ ఫోటో ఎదుట కూర్చుంటాడు. వదిన టీ తెచ్చి, చక్కెర సరిపోయిందా అంటుంది. సరిపోయిందంటాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కాసేపు కూర్చుని లేస్తాడు.