చిన్నమ్మకు చలెక్కువ

నిన్న మైలాపూరులో నేను చిన్నమ్మ బీరువా సర్దుతుంటే అడుగున నీలం స్వెటరు ఒకటి కనబడింది. అంగడి చీటీ కూడా తెంపలేదు. మద్రాసు ఎండలకు దాంతో పనేముంది, కలరా ఉండల వాసన పీల్చుకుంటూ పడుంది. చూడగానే మా చిన్నాయన మీద పాత కోపం మళ్లీ లేచింది. పోయినవాళ్లను తిట్టకూడదంటారు. నేను తిడతాను.

ఉద్యోగం దిగిపోగానే ఆయనకు ప్రపంచం చూడాలని పుట్టింది. అందరూ చూసేవి చూస్తే ఆయన గొప్పేముంది? జావా దీవిలో మబ్బుల ఎత్తున ఒక అగ్నిపర్వతం, దాని చుట్టూ నేషనల్ పార్కు, అక్కడికే పోవాలన్నాడు. ఊళ్లో ఉన్న పరంగిమలై గుట్ట మెట్లు సగం ఎక్కి కూలబడ్డ మనిషి! ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని ఊరికే అన్నారా? పార్కంటే టి. నగర్ పార్కే అనుకున్నాడని నా గట్టి నమ్మకం, ఎందుకంటే లోపల బెంచీలుంటాయా అని ట్రావెల్స్ వాళ్లను పదేపదే అడిగాడు. హాల్లో మ్యాపు పరిచి, పాలు పోయడానికి వచ్చినవాడికి కూడా లావా గురించి ఉపన్యాసమే. కాఫీలు మోసింది చిన్నమ్మ. పెళ్లయినప్పటి నుంచి తిరుపతి దాటి ఎరగని ఆమె, ఆ మ్యాపు మీద వంగి చిన్నపిల్లలా చూసేది. "కొండ నోట్లోంచి పొగొస్తా ఉంటే దగ్గిర్నే నిలబడి చూడొచ్చంట అమ్మాయ్" అంది నాతో. మరునాడే నన్ను పాండీ బజారుకు లాక్కెళ్లి ఈ స్వెటరు కొనుక్కుంది.

ఆ పూటే చిన్నాయన కుర్చీలోంచి కదలకుండా కొడుకును కేకేశాడు. "రేయ్, మీ అమ్మకు చలెక్కువ. ఆడికి రావచ్చునా అని డాక్టర్ని అడుగు." మా తమ్ముడికి తెలుగు వినడానికే, నోరు విప్పితే తమిళం. తమిళంలో సళి అంటే కఫం, రొంబ అంటే చాలా. "అమ్మావుక్కు రొంబ సళి డాక్టర్" అని ఫోన్లో చెప్పేశాడు వాడు. రొమ్ము నిండా కఫంతో అంత ఎత్తు పోతే ఊపిరందదు, వద్దే వద్దన్నాడు డాక్టరు.

"నాకు సళీ లేదు, గిళీ లేదు. మీ నాయన చెప్పింది చలి రా!" అని చిన్నమ్మ మొత్తుకుంది. వాడు నాలిక్కరుచుకుని మళ్లీ ఫోను తీశాడు. చిన్నాయన దాన్ని లాక్కుని జేబులో వేసుకున్నాడు. "డాక్టరే వద్దన్నాక ఇంకేంది? ఈమె ఆడికొచ్చి ఏం జేస్తాది?" ఆయనకు కావలసిందీ అదే. ఆమె సీట్లో తన పేకాట స్నేహితుణ్ని ఎక్కించుకుని పోయాడు. తిరిగొచ్చి, పొగమంచులో ఏమీ కనబడలేదని పెదవి విరిచాడు. మంచూ లేదు గించూ లేదు, చలికి వణికి ఆయన జీపే దిగలేదని ఆ స్నేహితుడు తర్వాత నవ్వుతూ చెప్పాడు. చిన్నమ్మ నవ్వలేదు. స్వెటరు మడిచి బీరువా అడుగున పెట్టేసింది.

నిన్న దాన్ని తీసుకెళ్లి మంచంలో ఉన్న ఆమె ఒళ్లో పెట్టాను. కాసేపు నిమిరింది. "ఆ కొండ ఇంకా పొగ ఊదతా ఉండాదా అమ్మాయ్?" ఊదుతోందన్నాను. మనిద్దరం పోదామా అని నోటిదాకా వచ్చేలోపే ఆమెకు దగ్గు తెర కమ్ముకుంది, గిన్నె పట్టుకున్నాను. ఇది నిజం సళి. తమ్ముడు తప్పుగా విన్న ఒక్క మాటను, ఇన్నేళ్లు తీరిగ్గా కూర్చుని, కాలం ఒప్పు చేసిపెట్టింది.