గడి నక్షాలో నీళ్ల మెట్లు

దయ్యాల మాట ఎత్తితే నవ్వేసేదాన్ని. హనుమకొండలో ఉంటూ, చుట్టుపక్కల పాత కోటలూ గడులూ కొలిచి నక్షాలు గీయడమే నా పని. ఇన్నేళ్లలో గబ్బిలాలకు తప్ప దేనికీ భయపడలేదు.

రెండేళ్ల కింద, తొర్రూరు దగ్గరి ఒక పల్లెలో దొరల గడిని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చాలని పురావస్తు శాఖవాళ్లు అనుకున్నారు. కొలతల పని నాకు వచ్చింది. నిజాం కాలపు రెండంతస్తుల భవనం. ముందు దేవిడీ అనే పెద్ద ద్వార మండపం, లోపల నలుచదరపు వాకిలి, చుట్టూ టేకు స్తంభాలు, మూడడుగుల మందాన డంగుసున్నం గోడలు. దొరల కుటుంబం వెళ్లిపోయి చాలా కాలమైంది.

నాతో వచ్చిన రమేశ్ పైన ఫొటోలు తీస్తున్నాడు. నేను కింద వంటింట్లో ఉన్నాను. పట్టపగలు. మూలన ఇరుకు మెట్లు కనిపించాయి. టేపు పెట్టి చూశాను. వెడల్పు రెండడుగుల రెండంగుళాలు. మొత్తం పదకొండు మెట్లు, రాళ్లు మధ్యలో అరిగి గుంటలు పడ్డాయి. ఎక్కి, దిగి, పుస్తకంలో గీసుకున్నాను.

దేవిడీలో అన్నం తినేటప్పుడు రమేశ్ ఆ పుస్తకం తిరగేశాడు.

"మేడం, ఈ మెట్లు ఎక్కడియి? వంటింట్ల మెట్లే లేవు గద."

చూపిస్తా రమ్మని లేచాను. మూలన గోడ ఉంది. మరకలు పట్టిన పాత గోడ.

గీతలు నావే. అంకెలు నావే. ఎక్కినందుకు మోకాళ్ల నొప్పి కూడా ఇంకా తగ్గలేదు.

ఇంటికొచ్చాక వారం రోజులు ఒక్కచోట కూర్చోలేకపోయాను. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయేదాన్ని. లేని మెట్లను నివేదికలో గీస్తే నా మీద నమ్మకం పోతుంది. చెరిపేద్దామని రబ్బరు తీశాను. చేయి రాలేదు.

మళ్లీ వెళ్లి ఊళ్లో అడిగాను. గడి వెనక ఉండే లచ్చవ్వకు ఎనభై దాటాయి. నక్షాలో వంటింటి మూల చూపించగానే ఆమె గుర్తుపట్టింది.

"అవి నీళ్ల మెట్లు బిడ్డా. మా అక్క సాయమ్మ గా మెట్లెక్కే దొరసానికి నీళ్లు మోసేది. నాకప్పుడు ఏడేండ్లు. ఒకనాడు బిందెతోటి ఎక్కింది, మల్ల రాలె. పారిపోయిందన్నరు. గా వారంలనే మెట్లకు అడ్డం గోడ వెట్టిన్రు. మా అవ్వ సచ్చేదాక గా గోడ దిక్కే జూసింది."

గోడ తెరవాలని నివేదికలో రాశాను. ఆధారమేమిటని అధికారి అడిగితే, లోపలి కొలతకూ బయటి కొలతకూ ఉన్న తేడా చూపించాను. నేను ఎక్కానని చెప్పలేదు.

గోడ విప్పిన రోజు లచ్చవ్వ కర్ర పట్టుకుని వచ్చి నిలబడింది. మేస్త్రీ రాళ్లు తీస్తుంటే పాత సున్నం వాసన గుప్పుమంది. మెట్లు ఉన్నాయి. పదకొండు. టేపు పెడితే రెండడుగుల రెండంగుళాలు. పైన కూడా గోడ కట్టేశారు. ఎముక లేదు, బిందె లేదు, గాజు ముక్క లేదు. దుమ్ము మాత్రం మందంగా ఉంది, దాని మీద ఒక్క అడుగు జాడ లేదు.

లచ్చవ్వ నన్ను దగ్గరికి పిలిచింది.

"నువ్వు ముందే ఎక్కినవని రమేశ్ చెప్పిండు బిడ్డా. నిజం చెప్పు. గక్కడ నీకు ఎవరన్న ఎదురైన్రా?"

రమేశ్‌కు కూడా చెప్పని మాట ఒకటుంది. ఆ రోజు నేను సగం మెట్లు ఎక్కాక పైనుంచి ఎవరో దిగుతూ వచ్చారు. ఇద్దరు పట్టే దారి కాదు. గోడకు ఒరిగి దారిచ్చాను. ముఖం చూడలేదు. తడి కొంగు నా మోచేతికి తగిలింది. ఊళ్లో కూలికి వచ్చిన మనిషి అనుకున్నాను.

అదే చెప్పాను. ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"కిందికే దిగింది గద?"

"కిందికే, అవ్వా."

"అయితే బయటవడ్డది. మా అక్క బయటవడ్డది" అంటూ లచ్చవ్వ కర్ర ఊతంగా వాకిలి దాటింది. మెట్ల వైపు మళ్లీ చూడలేదు.

గడి జాబితాలో చేరింది. లచ్చవ్వ పోయిన ఎండాకాలం కన్నుమూసింది. చివరి రోజుల్లో మనసు నిమ్మళంగా ఉండిందని ఆమె కోడలు చెప్పింది.

నాకే నిమ్మళం లేదు. నేను ఎవరికి దారిచ్చానో ఇప్పటికీ తెలియదు. ఆమె దిగడం తెలిసింది, అంతే. గడి బయటికి వెళ్లడం నేను చూడలేదు.