పగిడయ్య బండి ఎగురుడు

పగిడయ్య పికప్ బండికి రెండు గుణాలున్నాయి. నిండుగా ఉంటే దానంత బుద్ధిమంతురాలు ఈ జిల్లాలోనే లేదు. ఖాళీగా ఉంటే దానంత తిక్కది కూడా లేదు. మిర్చి బస్తాలు ఎన్ని ఎక్కించినా పల్లెత్తు మాట అనకుండా ఖమ్మం దాకా లాగుతుంది. బస్తాలు దించి తిరుగు ముఖం పట్టి, తారురోడ్డు మీద కాస్త స్పీడు అందుకుందా, వెనక భాగం మేకపిల్లలా గెంతడం మొదలుపెడుతుంది. వంతెన అతుకు తగిలితే ఒక గెంతు, చిన్న గుంత పడితే రెండు. ఒక్కోసారి గెంతిన చోట పడకుండా జానెడు పక్కకు జరిగి పడుతుంది.

ఈ తిక్క దానికి పుట్టుకతో వచ్చింది కాదు. పగిడయ్యే తెచ్చిపెట్టాడు. బూర్గంపాడు వైపు రైతుల మిర్చి ఎత్తుకునేటప్పుడు బస్తా మీద బస్తా వేస్తే బండి వెనక కుంగిపోయేది. టైర్లు పైనున్న రేకుకు రాసుకుని కాలిన వాసన వచ్చేది. తక్కువ వేసుకుందామన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు. ఖమ్మంలో ఒక ఫిట్టర్ దగ్గరికి పోయి కమాన్లలో రెండేసి మందపాటి పట్టీలు అదనంగా వేయించాడు. బండి బరువంతా మోసేది ఆ కమాన్లే. వంగాల్సిన ఇనుము వంగనని మొండికేస్తే దెబ్బంతా పైనున్నవాళ్లకే తగులుతుంది.

"ఖాళీగా పోతే ఎగుర్తదన్నా" అని ఫిట్టర్ ముందే చెప్పాడు.

"ఖాళీగా పోయేటప్పుడు ఎవలుంటరు, నేనే గదా" అన్నాడు పగిడయ్య.

చిన్నప్పుడు ఇంకొకరి పశువులు కాసి, తర్వాత ఇంకొకరి ట్రాక్టర్ తొట్టిలో కూలీ చేసి, ఇంకొకరి లారీలు తుడిచి, చివరికి తమ కోయగూడెంలో సొంత బండి తాళంచెవి మొలతాడుకు కట్టుకున్న మొదటి మనిషి ఆయన. అలాంటివాడికి బండిలో లోపం ఉందంటే కోపం రాక ఏమవుతుంది? భార్య జంపక్క మాత్రం ఎక్కినప్పుడల్లా తిట్టేది. "నడుం ఇరుగుతాంది, ఆ ఇనుము పీకెయ్" అనేది. ఆయన రేడియో గొంతు పెంచేవాడు.

జంపక్కా తక్కువది కాదు. మిర్చి ఏరే ఆడవాళ్ల ముఠాకు పెద్ద. ఆ పనిలో ఒక కట్టుబాటుంది. పొద్దున్నే ఏ ముఠా ముందు చేలో కాలు పెడితే ఆ చేను ఆ ముఠాది, ఇక రెండోవాళ్లు దిగరు. పోయినేడు బోనకల్ దగ్గర వెంకటరామారావు గారి చేను కారేపల్లి వైపు తండా నుంచి వచ్చే హేమ్లి ముఠాకు మాటైంది. జంపక్క చీకటితోనే తనవాళ్లను మొగుడి బండిలో తెచ్చి దించేసింది. హేమ్లి వచ్చేసరికి చేలో కోయవాళ్ల తట్టలున్నాయి. కట్టుబాటు కట్టుబాటే. హేమ్లి వెనక్కి తిరిగింది.

అంతటితో పోయినా బాగుండేది. ఆ సాయంత్రం పగిడయ్య, జంపక్క బియ్యం తేవడానికి ఖాళీ బండిలో ఇంటికి వస్తుంటే, రోడ్డు పక్కన తన ముఠాతో తట్టలు నెత్తిన పెట్టుకుని నడుస్తున్న హేమ్లి చెయ్యెత్తింది. వెనక ఇరవైమంది పట్టే జాగా. జంపక్క తల తిప్పుకుంది. పగిడయ్య బ్రేకు మీద పెట్టిన కాలు మళ్లీ తీసేశాడు. ఖాళీ బండి ఎగురుకుంటూ వాళ్ల ముందు నుంచే పోయింది.

ఇది జరిగి ఏడాది. ఈసారి మిర్చి ఏరడానికి ఇంకా బయల్దేరకముందే జంపక్క చింతకాయ దులపడానికి చెట్టెక్కింది. కొమ్మ విరిగి వెల్లకిలా పడింది.

భద్రాచలం దవాఖానాలో డాక్టర్ పద్మప్రియ ఎక్స్‌రే ఫిలిం చూసి పగిడయ్యను పక్కకు పిలిచింది. వెన్నుపూస చిట్లింది. నరం ఇంకా తెగలేదు. ఈ రోజే ఖమ్మం చేరితే ఆపరేషన్‌తో కాళ్లు దక్కుతాయి. ఆలస్యమైనా, దారిలో ఎముక జరిగినా కాళ్లు పోతాయి. అంబులెన్స్ ఇంకో మనిషిని ఎక్కించుకుని వరంగల్ పోయింది, రెండోది వచ్చేసరికి పొద్దుగూకుతుంది.

"నా బండుంది మేడం" అన్నాడు పగిడయ్య.

"కుదుపు ఉండొద్దు. ఒక్కటి గట్టిగా తగిలినా చాలు" అంది డాక్టర్. "మెల్లగా పోతానంటే అదీ కుదరదు. టైం లేదు మనకు."

ఆమె జంపక్కను చెక్క మీద పడుకోబెట్టి నుదురు నుంచి మడమల దాకా పట్టీలతో బిగించి కట్టింది. కూతురు భవానిని కాళ్ల దగ్గర కూర్చోమంది. "మీ అమ్మ కాలివేళ్లు చూస్తూ ఉండు. కదిలించమని అడుగుతూ ఉండు. కదిలినంతసేపూ భయం లేదు."

పగిడయ్య బండి చుట్టూ తిరిగాడు. తన బండి సంగతి తనకు తెలియదా? మొదట వెనక టైర్లలో గాలి తగ్గించాడు. బస్తాల కోసం రాయిలా కొట్టించిన గాలి అది. తర్వాత పక్కనే ఇల్లు కడుతున్న మేస్త్రి కాళ్లావేళ్లా పడ్డాడు. సిమెంటు సంచుల్లో ఇసుక నింపించుకుని సరిగ్గా ఇరుసు మీదికి వచ్చేలా పేర్చాడు. వెనక భాగం కిందికి దిగింది. మొండి కమాను కాస్త తల వంచింది. సంచుల మధ్య మెత్తటి బొంతలు పరిచి, వాటి మీద చెక్కను పెట్టారు.

"రేకు మీద ఒక్కసారి కొడితే వేళ్లు కదుల్తున్నట్టు. రెండుసార్లు కొడితే ఆపాలె" అని కూతురికి చెప్పి స్టీరింగ్ పట్టాడు.

గోదావరి వంతెన అతుకుల దగ్గర ఆయన గేరు తగ్గించాడు. బండి ఊగింది, ఎగరలేదు. వెనక రేకు మీద టక్‌మని ఒక దెబ్బ వినపడింది. పాల్వంచ దాకా అదే టక్, కొత్తగూడెం దాటాక కూడా అదే టక్. అడవి గాలి వేడిగా కొడుతోంది. పగిడయ్యకు జీవితంలో ఏ పాటా అంత తీయగా వినపడలేదు.

తర్వాత చెక్‌పోస్టు వచ్చింది.

అక్కడి కుర్రాడు సంచి మూతి విప్పి చూశాడు. "ఇసుకేంది పెద్దాయనా? కాయితం ఏది?"

"ఇసుక అమ్మేటందుకు కాదు సార్. బరువు కోసం. ఖాళీగుంటే బండి ఎగుర్తది. ఆడమనిషికి నడుం ఇరిగింది, సూడుండ్రి."

కుర్రాడు చూశాడు. చూసి నిజంగానే చలించిపోయాడు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికైనా ఉండేది. మంచివాడు కావడమే కొంప ముంచింది. "నేను వదిలినా ముందర ఇంకో చెక్‌పోస్టులో బండి పట్టుకుంటరు, రాత్రి దాకా కూర్చోబెడ్తరు. బరువు దించేస్తే జల్దీ పోతవ్ గదా" అని తానే పైకెక్కి, ఇద్దరిని పిలిచి, సంచులన్నీ చకచకా దించేశాడు. పగిడయ్య రెండు చేతులు జోడించి వద్దంటూనే ఉన్నాడు. "భయపడకు, కేసేం రాయను, పో" అని భుజం తట్టి గేటు ఎత్తాడు ఆ పుణ్యాత్ముడు.

సంచులు దిగగానే బండి వెనక భాగం పైకి లేచింది.

మెల్లగా పోనిచ్చాడు. మరీ మెల్లగా పోతే వెనక లారీలు హారన్లు కొడుతున్నాయి, పొద్దు వాలుతోంది, డాక్టర్ మాట చెవిలో మోగుతోంది. కాస్త వేగం పెంచాడు. టక్. బాగానే ఉంది. ఇంకాస్త పెంచాడు. రోడ్డు మీద ఎండకు లేచిన ఒక చిన్న ఉబ్బు, తెలిసిన డ్రైవర్ కూడా పట్టించుకోనంత చిన్నది. వెనక భాగం గాల్లోకి లేచి పడింది.

జంపక్క కేక పెట్టింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె అలా అరవడం పగిడయ్య వినలేదు. వెంటనే రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

ఆయన బండి పక్కకు తీసి దూకాడు. భవాని, తల్లి ఎడమ కాలి మెట్టె వేలు పట్టుకుని ఏడుస్తోంది. "కుడికాలివి కదుల్తున్నయ్ నాయినా. ఎడమది కదుల్తలేదు. కదిలించే అమ్మా, జర కదిలించే!"

"కదిలిస్తానే ఉన్న గదనే" అంది జంపక్క. కదిలిస్తున్నాననే ఆమె అనుకుంటోంది. మెట్టె ఉన్న వేలు మాత్రం కదలడం లేదు.

పగిడయ్య రోడ్డు మీద నిలబడి తల బాదుకున్నాడు. ఆమె అన్ని రోజులు మొత్తుకున్నా తను పీకేయని ఇనుము ఇప్పుడు ఆమె వెన్నునే విరుస్తోంది. బరువు కావాలి. రాళ్లు వేస్తే దొర్లి ఆమె మీద పడతాయి. చుట్టూ చూశాడు. పక్కన మిర్చి చేను. గట్టు మీద నింపిన బస్తాలు. వాటిని ఎక్కిస్తే, ఆ ఘాటుకు జంపక్కకు ఒక్క దగ్గు వచ్చినా పూస జరుగుతుంది. చేలో పదిహేనుమంది దాకా ఆడవాళ్లు వంగి కాయలు ఏరుతున్నారు. కేక విని నిటారుగా లేచి చూస్తున్నారు. ముందున్న మనిషి నెత్తి మీది గుడ్డ తీసింది. హేమ్లి.

గట్టు వైపు ఒక అడుగు వేసి ఆగాడు పగిడయ్య. ఏ ముఖం పెట్టుకుని అడగాలి?

హేమ్లి గట్టు దాటి వచ్చింది. బండిలోకి తొంగి చూసింది. జంపక్కను చూసింది, కట్టిన పట్టీలు చూసింది, ఏడుస్తున్న పిల్లను చూసింది.

"ఏమైంది?"

పగిడయ్య చెప్పాడు. చెట్టు, ఇసుక, చెక్‌పోస్టు, వేలు, అన్నీ గజిబిజిగా చెప్పాడు. చివరికి, "బరువు లేక ఎగుర్తాంది చెల్లే" అని ఏడ్చేశాడు.

"అవ్, ఎగుర్తది. పోయినేడు సూసినంగా" అంది హేమ్లి. "చెయ్యెత్తితే మా ముందల్నుంచే ఎగురుకుంట పోయింది."

పగిడయ్య తల దించుకున్నాడు.

హేమ్లి చేలోకి తిరిగి తమ భాషలో ఏదో గట్టిగా అరిచింది. ఆడవాళ్లు తట్టలు ఎక్కడివక్కడ వదిలేశారు. వాళ్లు బండి వైపు రాలేదు. చేలోని బోరు మోటారు దగ్గరికి పరిగెత్తారు. పైపు కింద నిలబడి తల మీద నుంచి నీళ్లు గుమ్మరించుకున్నారు. చేతులకు మట్టి రాసి కడుక్కున్నారు. మిర్చి ఏరినవాళ్ల బట్ట విదిలిస్తే చాలు పక్కవాళ్లకు తుమ్ములు. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు వాళ్లకు. నీళ్లోడుతున్న బట్టలతో వచ్చి వరసగా ఎక్కారు.

"తోక మీద వద్దు. ఇరుసు మీద, ఆమె సుట్టూ. ఆనుకుని కూసోండ్రి" అన్నాడు పగిడయ్య. ఒక్కొక్కరు ఎక్కుతుంటే బండి అంగుళం అంగుళం దిగింది.

హేమ్లి తలాపున కూర్చుని జంపక్క తలను రెండు అరచేతుల మధ్య పట్టుకుంది. జంపక్క కళ్లు పైకెత్తి చూసింది.

"నువ్వేందే?"

"మాట్లాడకు. మెడ కదుల్తది" అంది హేమ్లి.

బండి ఖమ్మం వైపు కదిలింది. గుంత కనపడితే పగిడయ్య చెయ్యి బయటపెట్టేవాడు. ఆడవాళ్లందరూ ఒకరి నడుం ఒకరు పట్టుకుని ముద్దలా బిగుసుకునేవారు. బండి కుంగి లేచేది, మళ్లీ కుంగేది, అంతే. గాలికి తడిబట్టల్లో వాళ్లు వణుకుతుంటే అద్దంలో కనపడుతోంది. టక్. కుడికాలు కదులుతోంది. ఆ ఒక్క కాలినైనా నిలబెట్టు తల్లీ అని తెలిసిన వేల్పులందరికీ మొక్కుకుంటూ పోయాడు.

ఆసుపత్రి ముందు స్ట్రెచర్ మీదికి మార్చి లోపలికి తీసుకుపోయారు. నీళ్లు కారుతున్న ఆడవాళ్ల గుంపు వరండాలో గోడకు ఆనుకుని నిలబడింది. కాగితాలు పట్టుకుని వచ్చిన పెద్ద డాక్టర్ వాళ్లను చూసి ఆగాడు.

"పేషెంటుకు మీరంతా ఏమవుతారమ్మా?"

హేమ్లి కొంగు పిండుకుంటూ అంది. "ఏం గాము సార్. బరువుకొచ్చినం."

పగిడయ్య అక్కడే నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ ఆయన్ను లేపలేదు. ఏడవనిచ్చారు.

ఆపరేషన్ అయింది. కుడికాలు పూర్తిగా దక్కింది. ఎడమ కాలి వేలు మాత్రం చాలా రోజులు బెట్టు చేసింది. ఒకనాడు పొద్దున్నే భవాని కేక విని పగిడయ్య పరిగెత్తుకొస్తే మెట్టె మెరుస్తూ కొద్దిగా పైకి లేచి దిగింది. ఇప్పుడు జంపక్క కర్ర పట్టుకుని నడుస్తుంది. కాలు కాస్త ఈడుస్తుంది. నోరు మాత్రం ఏమీ ఈడ్వదు.

పగిడయ్య అదే ఫిట్టర్ దగ్గరికి పోయి అదనపు పట్టీలన్నీ పీకించాడు. బస్తాలు తక్కువ వేసుకుంటున్నాడు. ఖాళీగా వచ్చినా బండి ఇప్పుడు నెమ్మదిగా ఊగుతుందే తప్ప ఎగరదు. పీకిన ఇనుమును పాత సామానుకు వేయలేదు. కమాను పట్టీకి మించిన కొడవలి లేదని ఈ దిక్కున అందరికీ తెలుసు. కమ్మరి దగ్గర కూర్చుని, కొలిమి ఊది, హేమ్లి ముఠాలో మనిషికొకటి చొప్పున కొడవళ్లు చేయించాడు.

వరికోతల ముందు జంపక్క వాటిని తన ఒడిలోనే పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. తండా చేరాక కర్ర సాయంతో దిగి, తన చేతులతోనే ఒక్కొక్కటి ఇచ్చింది. హేమ్లి కొడవలి అందుకుని అంచు మీద బొటనవేలు ఆనించి చూసింది.

"ఇదేనా ఎగిరిన ఇనుము?"

"అదే" అంది జంపక్క. కర్ర మీద బరువు మోపి, "ఈయేడు వెంకటరామారావు చేను మీదే. మేం దిగం" అంది.

"ముందు నువ్వు కూసో. నిలబడలేకపోతున్నవ్" అని హేమ్లి మంచం వాల్చింది.