అక్క తెరిచిన మెయిళ్లు

వనపర్తిలో మా సంఘం ఆఫీసంటే చర్చి వెనక ఒక రేకుల గది, అందులో ఒక కంప్యూటర్. ఊళ్లలో పరిచర్య చేసేవాళ్లు ప్రార్థన మనవులను ఫోన్ల నుంచి మెయిల్ చేస్తారు. ఏళ్లుగా వచ్చిన మెయిళ్లన్నీ ఒకచోట దాచి, ఏదైనా మాట కొడితే వెతికి చూపించే సాఫ్ట్‌వేర్ అందులో ఉంది. దాన్ని మా అక్క చూసుకునేది. నిరుడు ఎండాకాలంలో అక్క పాలమూరు దవాఖానలో ప్రభువునందు నిద్రించింది.

ఆ సాఫ్ట్‌వేర్ తెరవగానే ఎడమ పక్కన ఇటీవలి పనుల జాబితా కనిపిస్తుంది. ఏ మాటతో వెతికామో, ఏ మెయిల్ ఎన్ని గంటలకు తెరిచామో అన్నీ వరుసగా ఉంటాయి. కొత్తది పైన చేరుతుంది. పట్టేవి కొన్నే కాబట్టి అట్టడుగుది రాలిపోతుంది. అక్క దాన్నే తన ప్రార్థన వరుసగా చేసుకుంది. తెల్లవారుజామునే వచ్చి ఒక్కో మెయిల్ తెరిచి, పైకి చదివి, మోకరించేది. మనవికి జవాబు దొరికి, వాళ్లు సంఘంలో నిలబడి సాక్ష్యం చెప్పిన దినం నుంచి ఆ మెయిల్ తెరిచేది కాదు. అది తనంతట తాను కిందికి జారి వెళ్లిపోయేది.

ఈ సంగతి ఆడవాళ్లందరికీ తెలుసు. ఆదివారం ఆరాధన కాగానే కిటికీలోంచి తొంగి చూసేవారు.

"ఏందక్కా, పోయిన వారం మా బోరు పైనుండె. గిప్పుడు ఆమె కోడలి కాన్పు పైకొచ్చె!" అని ఒకామె తగువు పెట్టుకునేది.

"నీ బోరుల నీళ్లు పడె గద. సాక్ష్యం చెప్పనీకి సిగ్గయితుందా?" అనేది అక్క.

"చెప్త గని, జర ధార పెరగనియ్యి."

"దేవుని తాన పైనా కిందా లేదు. ఇది నా మతిమరుపుకు పెట్టుకున్నది, పో!"

జ్ఞాపకార్థ కూడిక అయిన తర్వాత అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, నన్ను పిలిచారు. "అక్క లాగిన్ తోనే నువ్వు చూడమ్మా. కొత్తది చేయిస్తే మళ్ల పరేషాన్" అన్నారు.

తెరిచాను. దవాఖానకు పోయిన రోజు పొద్దున అక్క తెరిచినవి తెరిచినట్టే ఉన్నాయి. గద్వాలలో మగ్గం నేసే తమ్ముడి నడుము నొప్పి. తిమ్మాజిపేటలో ఒక విధవరాలి పొలం తగాదా. పెబ్బేరు సంతలో ఎద్దు తొక్కిన యువకుడి పాదం. ఖిల్లా ఘణపూర్‌లో పక్షవాతంతో మాట పడిపోయిన పెద్దాయన. ఇంకా కొన్ని. ప్రతిదాని పక్కన అక్క తెరిచిన వేళ ఉంది. చాయ తాగి వస్తానని ఇప్పుడే లేచి వెళ్లినట్టుంది.

ఏది తెరిచినా ఆ వేళ చెరిగి నా వేళ పడుతుంది. ఏది వెతికినా అడుగున ఒకటి రాలుతుంది. అందుకని నేను ఏదీ ముట్టుకోలేదు. కొత్త మెయిళ్లు ఫోన్‌లో చదివేదాన్ని. అయ్యగారి భార్య చూసి, "ఫోటో తీసి పెట్టుకో బిడ్డా" అంది. తీశాను. ఫోటోలో అవి వట్టి అక్షరాలే. నేనూ పరిచర్యలో ఉన్నదాన్నే, పునరుత్థానం గురించి ఎన్ని సమాధుల దగ్గర మాట్లాడానో! నా నిరీక్షణ చెదరలేదు. అయినా చెయ్యి కదల్లేదు.

ఒక శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ఘణపూర్ పెద్దాయన భార్య బస్సులో వచ్చింది.

"వందనాలమ్మా. అక్క పొద్దుగాల మాది తెరుస్తుండె. గిప్పుడు ఎవలు తెరుస్తున్నరు?"

"నేను ఇంట్ల ప్రార్థన చేస్తున్న పెద్దమ్మా."

"మా ఉత్తరం చదివి చేస్తున్నవా?"

"లేదు. తెరిస్తే అక్క తెరిచిన టైం పోతది. అందుకే..."

ఆమె కంప్యూటర్ వైపు చూసింది. "నాకు గవన్నీ తెల్వదు బిడ్డా. ఆయన నన్ను జూసి నోరు తెరుస్తడు. పిలవనీకి చూస్తడు. మాట రాదు. రాకపోతే పిల్లగాని లెక్క ఏడుస్తడు. జర తెరువమ్మా. నేను పక్కన కూసుంట."

తెరిచాను. ఆ వరుస ఎగిరి పైకి చేరింది. పక్కన ఆనాటి తేదీ, నా వేళ. మెయిల్ పైకి చదివాను. ఇద్దరం మోకరించాం. ఆ పెద్దాయన కోసం మొదలుపెట్టిన కన్నీళ్లలో సగం అక్క కోసమే అయ్యాయి. ప్రభువు వాటిని వేరుచేసి తీసుకుంటాడనే నమ్మకంతో ఆపుకోలేదు.

ఆమె వెళ్లాక మిగిలినవి కూడా తెరిచాను. నడుము నొప్పి, పొలం తగాదా, తక్కినవన్నీ. ఒక్కొక్కటి చదివి ప్రార్థించేకొద్దీ అక్క వేళలు ఒక్కొక్కటే పోయాయి. చివరికి పెబ్బేరు యువకుడిది మిగిలింది. దాని కింద అక్క అంతకు ముందెప్పుడో వెతికిన మాటలు కొన్నే ఉన్నాయి. పోయిన ఆదివారమే అతను సంఘం ముందు నడిచి చూపించి, కన్నీళ్లతో సాక్ష్యం చెప్పాడు. దాన్ని తెరవాల్సిన పని లేదు. తెరవలేదు.

ఆ ఒక్క వరుసలో అక్క చివరి తెల్లవారుజాము కొన్నాళ్లు నిలిచింది. కొత్త మనవులు తెరుస్తున్న కొద్దీ కిందికి దిగింది. అట్టడుగుకు చేరిన రోజున తిమ్మాజిపేట నుంచి ఫోన్ వచ్చింది. పొలం గురించి మొదట్లో పంపిన వేరే పాత మెయిల్‌లో సర్వే నంబరు ఉందట, వెంటనే కావాలట. ఆ విధవరాలు తహసీల్దారు ఆఫీసు బయట నిలబడి ఉంది.

"జర ఆగమ్మా, వెతుకుత" అని ఊరి పేరు కొట్టాను. నంబరు దొరికింది. ఒక్కో అంకె నిదానంగా చదివి చెప్పాను. ఆమె రాసుకుని, తిరిగి నాకు చదివి వినిపించింది. ఫోన్ పెట్టేసే దాకా ఎడమ పక్కకు చూడలేదు.