నిలబడి చూడాలనుకున్న మ్యాచ్

2021 ఆగస్టులో మా హోమ్‌కేర్ క్లినిక్ నన్ను కువైట్ సిటీ పక్కనున్న సల్వాలో ఒక కువైటీ ఇంటికి పంపింది. నేను ఫిజియోథెరపిస్టుని, మాది అమలాపురం. పేషెంటు డెబ్భై దాటిన రిటైర్డ్ ఇంజనీరు, అందరూ అబూ ఖాలిద్ అంటారు. పక్షవాతంతో ఎడమ చెయ్యీ కాలూ పట్టు తప్పాయి. నాకు ముందొచ్చిన ఫిజియోలు విసిగి మానేశారు. నేను వెళ్ళిన రోజు ఆయన నా ముఖం కూడా చూడలేదు, టీవీకే అతుక్కుపోయారు.

అది జర్మనీ రెండో డివిజన్ ఫుట్‌బాల్. పద్దెనిమిది జట్లు సీజనంతా కొట్టుకుంటే, మొదటి రెండూ నేరుగా పై లీగ్‌కి వెళ్తాయి. పై లీగ్ గురించి లోకమంతా మాట్లాడుకుంటుంది, దీని గోల ఆ ఊళ్ళవాళ్ళకే. ఈయన కుర్రతనంలో అక్కడొక ఊళ్ళో చదువుకున్నారట. ఆ ఊరి జట్టు అప్పుడే పై లీగ్ నుంచి జారి కిందపడింది.

"ఆ స్టేడియంలో కుర్చీల్లేని గ్యాలరీ ఉంది. మెట్లెక్కి నిలబడే చూడాలి. అక్కడ ఇంకొక్కసారి నిలబడాలి," అన్నారు ఇంగ్లీషులో.

నాకు కావలసింది దొరికింది. కాలు బాగుపడుతుందని చెబితే ఏ పేషెంటూ కదలడు, ఎక్కడికో వెళ్ళాలని ఉంటేనే కదులుతాడు. అందుకని మ్యాచ్ టైముకే వెళ్ళేదాన్ని. కార్నర్ కిక్ వచ్చినప్పుడల్లా సిట్ టు స్టాండ్, అంటే చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవడం. హాఫ్‌టైంలో మేడమెట్లు. నడుముకి కట్టిన గెయిట్ బెల్ట్ పట్టుకుని నేను పక్కన, ఇంటి డ్రైవర్ రమణ వెనక. రమణది రాయచోటి.

"ఏందక్కా, గోలు పడితే బాబా ఎగిరి దూకేట్టుండాడే," అనేవాడు. ఇక్కడ పనివాళ్ళు ఇంటి యజమానిని బాబా అనే పిలుస్తారు.

"దూకితే పట్టుకోవయ్యా బాబూ, నవ్వులెందుకు."

చలికాలం పోయేసరికి ఆయన చేతికర్రతో మెట్లెక్కారు. జట్టు కూడా పైకి ఎగబాకింది. మే నెలలో ఆఖరి మ్యాచ్ ఆ ఊళ్ళోనే, గెలిస్తే మళ్ళీ పై లీగ్. అక్కడున్న పాత స్నేహితుడు టికెట్లు తీసిపెట్టాడు. ప్రయాణానికి డాక్టరు కూడా సరేనన్నాడు.

అప్పుడు పెద్దకొడుకు ఖాలిద్ నన్ను పక్కకి పిలిచాడు.

"ప్రయాణం కుదరదని మీరే చెప్పండి. మీ మాట వింటారు."

"ఆయన వెళ్ళగలరు సర్. కాదని ఎలా చెప్పను?"

"రెండో డివిజన్ ఆట కోసం అంత దూరమా? అక్కడ పడితే అందరూ మమ్మల్నే అంటారు. బాత్‌రూమ్ దాకా నడిస్తే మాకు చాలు."

ఒళ్ళు మండిపోయింది. చెప్పనన్నాను. మర్నాడే క్లినిక్ నుంచి ఫోను, సల్వా కేసు ఖలాస్, ఇంక వెళ్ళొద్దని. నా ఇఖామా, అంటే ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి, ఆ క్లినిక్ మీదే ఉంది, ఏం మాట్లాడతాను? ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు.

మ్యాచ్ అయిన వారానికి రమణ ఫోన్ చేశాడు.

"గెలిచినారక్కా. పై లీగ్‌కి పోయినారు."

"మరి ఆయన వెళ్ళారా?"

"యాడ పోయేది? పాస్‌పోర్టు కొడుకు దాచిపెట్టినాడు. ఈడ్నే చక్రాల కుర్చీలో కూచోని చూసినాడు. గోలు పడినా కదల్లా. ఆ పొద్దుట్నించి లేపినా లెయ్యడంల్యా. ఇంగ యాడికని నడిచేది రమణా, అంటాండాడు."

పాస్‌పోర్టు ఇంకొకరి చేతిలో ఉండటం మాబోటివాళ్ళకి కొత్త కాదు. ఆ ఇంటి యజమానికీ అదే గతి పడుతుందని మాత్రం నేననుకోలేదు.

ఈ కేసు తర్వాత పద్ధతి మార్చుకున్నాను. ఎక్కడికి వెళ్ళాలనుందని పేషెంటుని అడిగే ముందు, వెళ్ళనిస్తారా అని ఇంట్లోవాళ్ళని అడుగుతాను. వాళ్ళు నసిగితే మంచం మీంచి కుర్చీలోకి మారడం, నాలుగడుగులు వేయడం నేర్పి వచ్చేస్తాను. అంతకుమించి ఆశ పెట్టను. మంచి ఫిజియో చేసే పని ఇది కాదని నాకు తెలుసు.