చంక దించిన కోటు

రేపు మా మేనకోడలి రిసెప్షన్. దాని కోసం జీవితంలో మొదటిసారి కోటు కుట్టించుకున్నాను. కొలతలు తీసిన రోజే గజపతినగరంలో మా టైలరు అప్పన్నకి గట్టిగా చెప్పాను, చంక దగ్గర బిగుతుగా ఉంటే నాకు ఊపిరాడదని, రెండు వేళ్లు కిందికి దించి కత్తిరించమని. అతను వద్దన్నాడు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి, కొలతలు నాకే నేర్పుతావా అన్నాను.

ఈ సాయంత్రం అతని షాపులో తొడుక్కుని అద్దం ముందు నిలబడితే దర్జాగానే ఉంది.

"మేస్టారూ, బస్సులో రాడ్డు పట్టుకున్నట్టు ఓసారి సెయ్యెత్తండి," అన్నాడు అప్పన్న.

ఎత్తాను. చేతితోపాటు కోటంతా లేచింది. కాలరు చెవులకి తగిలింది, కింది అంచు బొడ్డు దాకా వచ్చింది.

"లూజుగానే ఉన్నాది కదా, ఎందుకు లేస్తన్నాది?" అన్నాను.

"సంక పైకుంటే సెయ్యొక్కటే కదుల్తాది. దించేస్తే కోటంతా దాని ఎనకే పోతాది. ఆ రోజు సెప్తే ఇన్నారా?"

"ఇప్పుడు మళ్లీ పైకి కుట్టలేవా?"

"కోసేసిన గుడ్డ ఎక్కడ్నించి తెస్తానండి? రేపు అక్షింతలు నడుం దగ్గర్నించే ఇసరండి."

పక్కనే ఉన్న మా ఆవిడ నవ్వు ఆపుకోలేక షాపు బయటికి వెళ్లిపోయింది.

కాబట్టి మిత్రులారా, రేపు స్టేజీ మీద వధూవరుల మోకాళ్లకి అక్షింతలు వేస్తున్న మనిషి కనిపిస్తే అది నేనే. దగ్గరికొచ్చి పలకరించండి. దూరం నుంచి చెయ్యి ఊపితే మాత్రం తిరిగి ఊపలేను.